పాత ఆటను నిలబెట్టాలనుకునే మేనల్లుడికి

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈఏ సంస్థ కంప్యూటరు ఆట క్రికెట్ 07కు ఈ సీజన్ ఐపీఎల్ జట్లతో కొత్త ప్యాచ్, అంటే ఆటలోని పాత ఫైళ్ళ బదులు పెట్టే కొత్త ఫైళ్ళు, తయారు చేయాలనుకుంటున్నావనీ, కిట్లు (జట్టు దుస్తులు) గీయడం మొదలుకొని రోస్టరు (ఆటగాళ్ళ జాబితా) సరిచేయడం దాకా నేనే నేర్పాలనీ రాశావు. ఇంతమంది క్రికెట్ చూసే దేశం ఉండగా ఆ ఆటల వరుస ఎందుకు ఆగిపోయిందని బాధపడ్డావు. కిట్లు గీయడం రెండు వారాల్లో నేర్పగలను, అది పెద్ద విద్యేమీ కాదు. అయితే పదిహేనేళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాడిగా, నువ్వు మొదటి ఫైలు తెరవకముందే చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఫోనులో చెబితే నిలవవని ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఆట 2006 నవంబరులో వచ్చింది. కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన హెచ్‌బీ స్టూడియోస్ దానిని తయారు చేస్తే ఈఏ ప్రచురించింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్లకు లైసెన్సు ఉండటంతో వాళ్ళ ఆటగాళ్ళ పేర్లు సరిగ్గా ఉండేవి, మన జట్టులో పేర్లు మాత్రం అక్షరాలు మారిపోయి కనిపించేవి. ఏడాది తిరగకుండానే 2007 సెప్టెంబరులో తొలి టీ20 ప్రపంచకప్పు జరిగింది, 2008 ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదలైంది, అంటే మన పిల్లలు టీవీలో చూస్తున్న క్రికెట్‌కూ ఆటలో ఉన్న క్రికెట్‌కూ పొంతన లేకుండా పోయింది. ఈఏ నుంచి కంప్యూటరుకు తర్వాతి క్రికెట్ ఆట రాలేదు. అయినా మన నెట్ సెంటర్లలోనూ హాస్టల్ గదుల్లోనూ ఆ ఆట ఏళ్ళ తరబడి నడిచిందంటే, భారత్, పాకిస్తాన్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ లాంటి దేశాల్లో కూర్చున్న కుర్రవాళ్ళు జీతం లేకుండా కిట్లు, బ్యాట్లు, ముఖాలు, తెర మీది స్కోరు పట్టీలు, మైదానాలు గీసి ఇచ్చినందువల్లనే. రిచీ బెనో 2015లో కాలం చేశారు, కానీ ఆ ఆట తెరిస్తే ఆయన వ్యాఖ్యానం ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన మాటల వెనుక మైదానంలో పరుగెత్తేది మాత్రం ఆయన ఆ వ్యాఖ్యానం చెప్పేనాటికి పుట్టని జట్లు.

ఇది సాధ్యం కావడానికి ఒక కారణం ఉంది, దానిని నువ్వు మొదట గుర్తించాలి. ఆ ఆట డిస్కు మీద వచ్చింది, ఒంటరిగా ఆడుకోవడానికి ఎవరి సర్వరూ అవసరం లేదు, దాని బొమ్మలు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే ఫైళ్ళలో ఉండటంతో వాటిని విప్పి మార్చే పనిముట్లను అభిమానులే తయారు చేసుకోగలిగారు. యూబీసాఫ్ట్ వారి ద క్రూ అనే కార్ల ఆటతో పోల్చి చూడు. 2014లో వచ్చిన ఆ ఆటను ఒంటరిగా ఆడాలన్నా సంస్థ సర్వరుతో కలిసే ఉండాలి, అందుచేత 2024 మార్చి 31న సర్వర్లు ఆపగానే డబ్బు పెట్టి కొన్నవాళ్ళ చేతిలో కూడా ఆట లేకుండా పోయింది. స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టింది దాని నుంచే. అమ్మకం ఆపినా మద్దతు ఆపినా, కొన్నవారు ఆడుకోగల స్థితిలో ఆటను వదిలి వెళ్ళాలన్నదే వారి కోరిక. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై చివరన మొదలైన వారి పౌర విజ్ఞప్తిపై ఏడాదిలోపే అవసరమైన పది లక్షల సంతకాలు దాటాయి. నేను ఆ కోరికను మనసారా సమర్థిస్తాను. నువ్వు ముందుముందు వేరే ఆటకు ప్యాచ్ చేయాలనుకుంటే, నీ శ్రమంతా ధారపోసే ముందు ఇంటర్నెట్ తీగ పీకేసి ఆ ఆట తెరుచుకుంటుందో లేదో చూసుకో. తెరుచుకోకపోతే, నువ్వు చేసేదంతా ఆ సంస్థ సర్వరు ఉన్నంతకాలమే ఉంటుందని తెలిసి చెయ్యి.

ఇక పని సంగతి. అన్నిటికంటే ముందు, నీ దగ్గర ఉన్న ఒరిజినల్ డిస్కు నుంచి, ఏ ప్యాచూ తగలని ఆటను ఒక ఫోల్డరులో పెట్టి, దానిని చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా తాళం వేసెయ్యి. ప్రతి ఫైలుకూ హ్యాష్ విలువ, అంటే ఫైలు ఏ కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి అంకె, లెక్కించి, ఆ జాబితాను పక్కనే పెట్టు, ఎందుకంటే పదేళ్ళ తర్వాత ఏ ఫైలు కంపెనీది, ఏది ఎవరో మార్చినది అన్న అనుమానం వచ్చినప్పుడు తేల్చగలిగేది ఆ జాబితా ఒక్కటే. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే ఆటకు ఏం జరిగిందో చూస్తే అలా అనిపించదు. సంగీతం లైసెన్సుల గడువు తీరడంతో 2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోని ప్రతి నుంచి కొన్ని పాటలు తీసేస్తూ ఒక అప్‌డేట్ వచ్చింది, మోడ్‌లు, అంటే అభిమానులు ఆటకు చేసే మార్పులు, చాలావరకు మొదటి 1.0 వెర్షన్‌నే నమ్ముకుని రాసినవి కావడంతో అవి కొత్త దానితో పొసగలేదు, ఆ పాత వెర్షన్‌ను జాగ్రత్త చేసుకున్నవాళ్ళే నిలబడ్డారు. పాత ప్రతిని పోగొట్టుకున్న మోడ్ పునాది లేని ఇల్లు.

రెండోది నా అనుభవం నుంచి చెబుతున్నాను, దీన్ని నిదానంగా చదువు. 2009 నుంచి నేను డెక్కన్ చార్జర్స్ కిట్లు గీశాను. మొదటి సీజన్‌ది లేత గోధుమ రంగు, తర్వాత నీలం వచ్చింది. ఒక్కొక్క చొక్కాకూ మడతలు, నీడలు, ప్రకటనల ముద్రలు వేర్వేరు పొరలుగా గీసి, పూర్తయ్యాక ఒకే బొమ్మగా కలిపి ఎఫ్‌ఎస్‌హెచ్‌గా మార్చి పంచేవాడిని. 2011లో నా హార్డ్ డిస్కు చెడిపోయింది. పంచిన ఫైళ్ళు స్నేహితుల దగ్గర దొరికాయి, పొరలతో ఉన్న అసలు బొమ్మలు మాత్రం ఎవరి దగ్గరా లేవు, ఎందుకంటే వాటిని నేను ఎవరికీ ఇవ్వలేదు. నా పనిని ఎవరైనా కాజేస్తారన్న భయంతో దాచుకున్నాను. ఆ జట్టు 2012తో అంతరించింది, 2013 నుంచి సన్‌రైజర్స్ వచ్చింది. ఆ కిట్లను ఇప్పటి పెద్ద తెరలకు సరిపడా నాణ్యతతో మళ్ళీ ఇవ్వమని అడిగినవాళ్ళకు ఇవ్వడానికి నా దగ్గర మసకబారిన బొమ్మలే మిగిలాయి.

ఇంతకంటే బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. అప్పట్లో మాలో చాలామంది ప్యాచ్‌ను రార్ అనే కుదించిన ఫైలుగా చుట్టి పాస్‌వర్డ్ పెట్టేవాళ్ళం. పాస్‌వర్డ్ కావాలంటే మమ్మల్ని అడగాలి. తర్వాత కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి, ఈమెయిల్ మారిపోయింది, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఈ రోజుకీ నా దగ్గర అలాంటి ఫైళ్ళు ఉన్నాయి. చెక్కుచెదరలేదు, తెరుచుకోవు. సంస్థలు సర్వరు ఆపి తాళం చెవి తమతో తీసుకుపోతున్నాయని మనం బాధపడుతున్నాం, మన వాళ్ళ శ్రమకు మనమూ అదే చేశాం. నీ నుంచి నేను ముఖ్యంగా కోరేది ఇదే: నువ్వు చేసే ఏ పనికీ పాస్‌వర్డ్ పెట్టవద్దు, పొరలతో ఉన్న అసలు ఫైళ్ళను ప్యాచ్‌తోపాటే విడుదల చెయ్యి.

పేరు పోతుందన్న భయం సహజమే, దానికి మార్గం రీడ్‌మీ ఫైలు, అంటే ప్యాచ్‌తోపాటు ఇచ్చే వివరాల పత్రం. అందులో తేదీ, ఆట వెర్షన్, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి, ఏ ఫైలు ఎవరు గీశారు, ఎవరి అనుమతి తీసుకున్నావు అన్నవి సాధారణ టెక్స్టులో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయి. రోస్టరు ఫైలు డాక్యుమెంట్స్‌లో ఆట పేరుతో ఉన్న ఫోల్డరులోకి వెళ్ళాలన్న చిన్న మాట రాయకపోవడం వల్ల ఎంతమంది ఆటంతా చెడగొట్టుకుని మళ్ళీ ఎక్కించుకున్నారో నేను చూశాను. పెద్ద ప్యాచ్ అంటే పదిమంది పనిని ఒకచోట చేర్చడమే, ఆ పదిమంది పేర్లూ ఉండాలి. ఎవరి అనుమతైనా దొరకకపోతే ఆ భాగం వదిలెయ్యి, నువ్వే కొత్తగా గీసుకో. చివరి వాక్యంగా, నేను రెండేళ్ళపాటు జవాబు ఇవ్వకపోతే ఎవరైనా దీన్ని మార్చి కొనసాగించవచ్చు, పేర్లు తొలగించకుండా ఉంటే చాలు అని రాసి పెట్టు. మా తరం ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంత పని దక్కేదో!

చట్టం గురించి. ఆట మొత్తాన్ని ప్యాచ్‌తో కలిపి ఎక్కించి పంచే అలవాటు మన దగ్గర ఎక్కువ, అది నువ్వు చేయవద్దు. ఆ ఆట కొత్తగా అమ్మకానికి లేకపోయినా హక్కులు పోలేదు. నువ్వు మార్చిన ఫైళ్ళు మాత్రమే ఇవ్వు, ఆట ఎవరిది వారు తెచ్చుకోవాలని స్పష్టంగా రాయి. దానివల్ల కూడా పూర్తి రక్షణ ఉందని నేను హామీ ఇవ్వలేను. జీటీఏ 3, వైస్ సిటీ ఆటల కోడ్‌ను అభిమానులు తిరగరాసి, ఆట ఫైళ్ళు ఎవరివి వారే తెచ్చుకోవాలని చెప్పినా, 2021 ఫిబ్రవరిలో హక్కుదారు సంస్థ ఫిర్యాదుతో ఆ పనిని కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటు నుంచి తొలగించారు. అయినా తలుపులన్నీ మూసి ఉన్నాయనుకోకు. ఇదే ఈఏ సంస్థ 2020లో కమాండ్ అండ్ కాంకర్ వరుసలోని తొలి ఆటల కోడ్‌లో ముఖ్య భాగాన్నీ, 2025 ఫిబ్రవరిలో జనరల్స్ సహా మరికొన్నింటి కోడ్‌నూ ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల జీపీఎల్ లైసెన్సుతో బహిరంగంగా విడుదల చేసింది. క్రికెట్ 07 విషయంలోనూ అలా చేయమని మర్యాదగా, కారణాలతో అడగడం న్యాయమైన పనే, నలుగురు కలిసి అడిగితే నేనూ సంతకం చేస్తాను. డబ్బు మాత్రం ఎవరి దగ్గరా పుచ్చుకోవద్దు. మా ఊళ్ళో ఒక సీడీ దుకాణంలో మా ప్యాచ్‌లనే డిస్కుల మీద అమ్మేవారు, అది చూసి చాలామంది పని మానేశారు.

దాచే చోట్ల సంగతి త్వరగా చెబుతాను. ఉచితంగా ఫైళ్ళు పెట్టుకునే సైట్లను నమ్మి ఒక్కచోటే ఉంచవద్దు. మెగాఅప్‌లోడ్ 2012 జనవరిలో మూతపడింది, రాపిడ్‌షేర్ 2015 మార్చిలో ఆగిపోయింది, ఆ రెండింటి లింకులు నమ్ముకున్న పాత ప్యాచ్‌లు ఎన్నో పోయాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒకటి, నీ ఇంట్లో ఒకటి, వేరే ఊళ్ళో నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి, మూడు ప్రతులు ఉండాలి. ఏడాదికోసారి, దసరా సెలవుల్లో అనుకో, మూడింటినీ తెరిచి హ్యాష్ జాబితాతో సరిచూడు. విండోస్ మారినప్పుడల్లా పరీక్షించు. 2015లో వచ్చిన విండోస్ 10 సేఫ్‌డిస్క్ అనే, నకళ్ళను అడ్డుకునే రక్షణ ఉన్న పాత డిస్కులకు మద్దతు మానేయడంతో, ఆ కాలపు ఆటలు ఎన్నో డిస్కు చేతిలో ఉండగానే తెరుచుకోకుండా పోయాయి. ఒక పాత కంప్యూటరు విండోస్ ఎక్స్‌పీతో సహా, నెట్‌కు కలపకుండా, అటక మీద పెట్టి ఉంచితే మంచిది.

ఈ సీజన్ ప్యాచ్ చేసేటప్పుడు పాత సీజన్ ఫైళ్ళ మీద కొత్తవి రాయవద్దు. ప్రతి ఏడాదికీ వేరే ఫోల్డరు, వేరే రోస్టరు. అందరూ కొత్తదే అడుగుతారు, పాతది తీసేయమంటారు, నువ్వు తీసేయకు. 2008 రోస్టరులో లక్ష్మణ్ డెక్కన్ చార్జర్స్ కెప్టెన్‌గా ఉన్నాడు. ఆ జట్టు కోసం ఉప్పల్ స్టేడియంలో గొంతు చించుకున్న వాడు ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తే, అది దొరకాలి.

వచ్చే ఆదివారం మీ అమ్మ ఇక్కడి నుంచి బయలుదేరుతోంది, ఆమె చేతికి ఒక హార్డ్ డిస్కు ఇచ్చి పంపుతున్నాను. అందులో నా దగ్గర మిగిలినదంతా ఉంది. తాళం తీయలేని రార్ ఫైళ్ళు పద్నాలుగు ఒక ఫోల్డరులో విడిగా పెట్టి, వాటిని తయారు చేసినవాళ్ళు అప్పట్లో వాడిన మారుపేర్ల జాబితా కూడా ఉంచాను. కిట్లు గీయడం ఆ తర్వాత నేర్పుతాను, ముందు ఆ పద్నాలుగు ఫైళ్ళు చేసినవాళ్ళలో ఒక్కరినైనా వెతికి, వాళ్ళకు మర్యాదగా ఉత్తరం రాసి, పాస్‌వర్డూ అనుమతీ అడుగు. జవాబు వస్తే నాకు రాత్రయినా సరే ఫోను చెయ్యి.

మీ మామయ్య