పదిహేడేళ్ల వయసులో పడిన కేసు కోర్టు ఉద్యోగానికి అడ్డమా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మ జీడి కార్ఖానాలో పనిచేసి నన్ను చదివించింది. 2016 మే నెలలో మా ఊరి అమ్మవారి సంబరంలో కొట్లాట జరిగితే, పక్కన నిలబడి చూస్తున్న నా పేరు కూడా ఫిర్యాదులో రాశారు. చేతులతో కొట్టినట్టు అప్పటి ఐపీసీ సెక్షన్ 323 కింద కేసు పెట్టారు. 2018లో లోక్ అదాలత్ రోజున అయిదు వందలు కడితే కేసు పోతుందన్నారు, కట్టాను. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కోర్టులో ఆఫీస్ సబార్డినేట్‌గా ఎంపికయ్యాను. అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడిగిన చోట నెట్ సెంటరు వారి మాట విని ‘లేదు’ అని రాసి ఇచ్చేశాను. పోలీసు విచారణ ఇంకా జరగలేదు. స్టేషన్‌లో తెలిసినవారితో చెప్పి చూసుకుంటానని మేనమామ అంటున్నారు. రెండేళ్లుగా పారా లీగల్ వాలంటీరుగా ఉన్నాను, అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నేను పుట్టింది 14 ఆగస్టు 1998. ఏ తప్పూ చేయని నాకు ఉద్యోగం దక్కుతుందా?

జవాబు: మీరు కొట్టారా, నిలబడి చూశారా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చరు. ఉత్తరం చివర ముక్తసరిగా రాసిన పుట్టిన తేదీ ఒక్కటే మీ కేసును తేలుస్తుంది. సంబరం నాటికి మీకు పద్దెనిమిదేళ్లు నిండడానికి ఇంకా సుమారు మూడు నెలలుంది. అంటే మిమ్మల్ని మేజిస్ట్రేటు ముందు కాదు, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబెట్టాలి. జరిమానా కట్టిన నాటికి మేజర్ అయ్యారు కదా అంటారేమో. చట్టం చూసేది నేరం జరిగిందన్న రోజు వయసునే.

ముందు ఒక భ్రమ తొలగించుకోండి. మీ కేసు ‘పోలేదు’. సెక్షన్ 323 రాజీ పడదగ్గ నేరం. ఫిర్యాదుదారు రాజీకి ఒప్పుకుని ఉంటే మీరు నిర్దోషిగా విడుదలయ్యేవారు, జరిమానా ప్రసక్తే ఉండేది కాదు. అయిదు వందలు కట్టించుకున్నారంటే నేరం ఒప్పుకున్నట్టు రాసి శిక్ష వేశారనే అనుకోవాలి. కాగితం మీద ఏముందో చదవకుండా సంతకం పెట్టారు. ఏళ్ల తర్వాత అటెస్టేషన్ ఫారం మీదా అలాగే పెట్టారు. మొదటిసారి కుర్రతనం అనుకుందాం. న్యాయ సేవల వాలంటీరుగా పదిమందికి దారి చెబుతున్న మనిషి, కింద ‘తప్పుడు సమాచారమిస్తే నియామకం రద్దు’ అని ఉండే ఫారాన్ని నెట్ సెంటరు వారి సలహాతో నింపడాన్ని ఏమనాలి?

ఇక చట్టం. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 అమల్లోకి వచ్చింది 2016 జనవరి 15న. మీ సంఘటన ఆ తర్వాతిది కాబట్టి ఆ చట్టమే వర్తిస్తుంది. దాని సెక్షన్ 24 ప్రకారం మైనరుగా ఉన్నప్పటి నేరం వల్ల తర్వాత ఏ అనర్హతా అంటదు. సెక్షన్ 74 ఇంకా సూటిగా ఉంది: ముగిసిపోయిన బాలల కేసు వివరాలను ప్రవర్తన ధ్రువపత్రం కోసం కూడా పోలీసులు బయటపెట్టకూడదు. బాల్యంలోని కేసును కారణంగా చూపి ఒక అభ్యర్థికి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో ఉద్యోగం నిరాకరిస్తే, అది చెల్లదని రమేశ్ బిష్ణోయ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే ఇదంతా మీరు మైనరని రికార్డుకెక్కిన తర్వాత. ఈ రోజు కోర్టు కాగితాల్లో మీరు శిక్ష పడిన మేజర్. చార్జిషీటులో మీ వయసు 19 అని ఉన్నా నేను ఆశ్చర్యపోను. స్టేషన్లలో వయసు గడిని కళ్లతో చూసి నింపే అలవాటు పాతదే.

కాలపరిమితి విషయంలో మీరు అదృష్టవంతులు. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులు, రివిజన్‌కు 90 రోజులు. రెండూ ఎప్పుడో దాటిపోయాయి. కానీ జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 9 ప్రకారం, నేరం నాటికి మైనరునన్న వాదనను కేసు పూర్తిగా ముగిశాక కూడా ఏ దశలోనైనా ఏ కోర్టులోనైనా లేవనెత్తవచ్చు. 1994 నాటి హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్న ఓంప్రకాశ్ అనే వ్యక్తి అప్పటికి మైనరని తేల్చి 2025 జనవరిలో సుప్రీంకోర్టు విడుదల చేసింది. మీకు శిక్ష వేసిన కోర్టులోనే పిటిషన్ వేయండి. అక్కడ తిరస్కరిస్తే పైకోర్టు ఉంది.

సాక్ష్యంగా పదో తరగతి సర్టిఫికెట్ కావాలి. అదే చట్టం సెక్షన్ 94లో పాఠశాల ధ్రువపత్రం, పదో తరగతి సర్టిఫికెట్ మొదటి వరుసలో ఉన్నాయి. అవి లేనప్పుడే పంచాయతీ జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు పట్టుకుని వెళ్లకండి. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, తీర్పు సర్టిఫైడ్ కాపీలకు వెంటనే దరఖాస్తు పెట్టండి. చిన్న కేసుల ఫైళ్లను గడువు తీరాక కోర్టులు నాశనం చేస్తాయి. ఫైలు లేదంటే రిజిస్టరులోని నమోదు నకలైనా తీసుకోండి.

మేనమామ దారి మాత్రం వద్దు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల వరకు జైలు పడుతుంది. మైనరుగా మీ మీద పడిన కేసును చట్టమే చెరిపేస్తుంది. ఇరవై ఏడేళ్ల వయసులో లంచం ఇస్తే ఆ పనిని ఏ సెక్షనూ చెరపదు. పైగా పోలీసు రికార్డులు ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నాయి, ఒక కానిస్టేబుల్ మూసేస్తే మూతపడవు.

ఈ వారంలోనే ప్రిన్సిపల్ జిల్లా జడ్జికి లేఖ రాయండి. ఫారంలో ‘లేదు’ అని రాసినది సరికాదని, కేసు వివరాలు ఇవీ అని, అప్పటికి మీరు మైనరని, ఆ మేరకు కోర్టును ఆశ్రయిస్తున్నారని రాసి, పదో తరగతి సర్టిఫికెట్ నకలు జత చేయండి. సంబరం కథ, అమ్మగారి కష్టం అందులో వద్దు. లేఖ అందినట్టు ముద్ర వేయించుకోండి. పోలీసు నివేదిక రాకముందు దిద్దుకోవడానికీ, షోకాజ్ నోటీసు వచ్చాక సంజాయిషీ ఇవ్వడానికీ చాలా తేడా ఉంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, చిన్న నేరంలో శిక్ష పడి దాన్ని దాచినా, నియామకాధికారి తన విచక్షణతో క్షమించవచ్చు. ఆ విచక్షణను మీ వైపు తిప్పగలిగేది ఈ లేఖ మీద ఉండే తేదీ. ఫారంలోని ప్రశ్న సూటిగా లేకపోతే దాచారనడానికి వీల్లేదని కూడా ఆ తీర్పే చెప్పింది కనుక, ఫారం నకలు తెచ్చుకుని అడిగింది పెండింగ్ కేసుల గురించా, గతంలోని శిక్షల గురించా చూడండి.

వాలంటీరుగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడం ఇక్కడ అక్కరకు రాదు. అది గౌరవ వేతనంపై చేసే సేవ, దాని విచారణ వేరు.

ఇవన్నీ చేశాక కూడా నియామకం నిరాకరిస్తే అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ వేయాలి. రిట్‌కు కాలపరిమితి రాసి లేదు గానీ, ఈలోగా మీ ఖాళీలో వేరొకరు చేరిపోతే మీ పని కష్టమవుతుంది. ఉత్తర్వు చేతికందిన నెలలోపు వేసేలా సర్వీసు కేసులు చూసే న్యాయవాదితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.