రిగ్గు రాకముందే ఆ పాత బోరు పూడ్చు

నాన్నా,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. అనంతపురంలో కొన్న స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నావని, వచ్చేవారం రిగ్గు బండి తెప్పించి బోరు వేయిస్తున్నావని చెప్పింది. మన ఇంటి పిల్లల్లో సొంత సంపాదనతో ఇల్లు కట్టుకుంటున్న మొదటివాడివి నువ్వే. మీ పెద్దనాన్న ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవారు. ఆయన లేరు కాబట్టి ఆ పని నేనే చేశాను. పొద్దున పాలకేంద్రం దగ్గర కనబడ్డ వాళ్ళందరికీ చెప్పాను.

మాటల మధ్యలో మీ అమ్మ ఇంకో సంగతి చెప్పింది. స్థలంలో ఒక మూలన అంతకుముందు వాళ్ళు వేయించిన పాత బోరు ఉందట. నీళ్ళు పడలేదట. దానిమీద బండ కప్పి ఉందట. అంతే చెప్పి, గృహప్రవేశానికి కోడలికి ఏ చీర పెట్టాలా అని మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె ఏం మాట్లాడిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. రాత్రి రెండు గంటలప్పుడు లేచి కూర్చుని ఇది రాస్తున్నా. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

కొత్త బోరు నెల ఆగినా కొంపలేం మునగవు. ముందు ఆ పాతది పూడ్చు. బండ తీయించి, దూరంగా నిలబడి చూడు, లోపల కేసింగ్ పైపు, అంటే పైమట్టి జారకుండా దింపే పైపు, ఉందో లేదో. చాలాచోట్ల ఉండదు. నీళ్ళు పడని బోరుకు పైపు ఎందుకని లాగేసి ఇంకోచోట వేసుకుంటారు. పైపు లేని బొక్కకు వాన పడ్డప్పుడల్లా నోరు కరిగి వెడల్పవుతుంది. బండ కింద మట్టి జారిందో, బండ ఒక పక్కకు ఒరిగిపోతుంది. పైనుంచి చూసేవాళ్ళకు బండ ఉన్నట్టే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా.

నీకప్పుడు మూడేళ్ళు. మీ చెల్లి కడుపులో ఉంటే కాన్పుకని మీ అమ్మ ఆసుపత్రి దగ్గరున్న మీ మేనత్త ఇంటికి పోతూ నిన్ను నా దగ్గర వదిలింది. అది నడివేసవి. మన చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండిపోతోంది. మొదటి బోరు 180 అడుగులది, పది నిమిషాలు నీళ్ళు పోసి గాలి కొట్టేది. మీ పెద్దనాన్న కాలు విరిగి మంచంలో ఉన్నారు. ఏడేళ్ళు బిడ్డల్లా సాకిన చెట్లు ఆకు ముడుచుకుంటుంటే చూడలేక నేనే రిగ్గును పిలిపించాను. నీళ్ళెక్కడున్నాయో చెప్పడానికి కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన వచ్చి, బోరు వేసే పాయింట్ చూపించాడు. రాత్రి తొమ్మిదింటికి బండి దిగింది.

తవ్వేందుకు దింపే ఒక్కో రాడ్డు 20 అడుగులు. రాడ్డు దిగినప్పుడల్లా కొంగులో ఒక చింతపిక్క వేసుకున్నాను. పదిహేను పిక్కలు, అంటే 300 అడుగులు. చేతిలో ఉన్న డబ్బు అంతవరకే. బొక్కలోంచి రాతిపొడి మాత్రం తెల్లగా, పిండిలాగా ఎగురుతూనే ఉంది. డ్రైవరు ఇంజను ఆపి, "ఏమ్మా, ఇంకా వేద్దామా?" అన్నాడు. అంతసేపు చెవులు పగిలే మోత విన్నాక ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైతే, మనిషికి ఆ నిశ్శబ్దం భరించడం కష్టం నాన్నా. "ఇంకో వంద" అన్నాను. 400 దగ్గర పొడి రంగు మారింది. పిడికిట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కట్టింది. ఆ పిడికెడు తడి చూసి ఇంకో 220 అడుగులు దింపించాను. తెల్లారేసరికి కొంగులో 31 పిక్కలు, మెడలో గొలుసు లేదు. నీళ్ళు లేవు.

గొలుసు గురించి నాకు బాధ లేదు. ఆ తర్వాత చేసిందే నా తప్పు. పొద్దున బండివాళ్ళు, "పైపు తీసేసుకోమంటారా, ఆ డబ్బు తగ్గిస్తాం" అన్నారు. తీసుకోమన్నాను. రాయి తగిలేదాకా, పైపు పట్టేందుకు పైభాగం పెద్ద బిట్టుతో వేస్తారు కదా, పైపు లాగేశాక అక్కడ జానెడు వెడల్పు బొక్క మిగిలింది. ఒక గోనెసంచి పరిచి, మీద రాయి పెట్టి, రేపు పూడ్పిస్తాలే అనుకున్నాను. ఆ చోటు చూస్తే కడుపులో తిప్పేది. అటువైపు పోవడమే మానేశాను. రేపు రేపు అంటూ పదకొండు రోజులు గడిచాయి.

పదకొండో రోజు సాయంత్రం నువ్వు ఇంట్లో లేవు. గొడ్లపాకలో లేవు, చింతచెట్టు కింద లేవు. తోటలోకి పరుగెత్తాను. సంచి పక్కకు లాగి ఉంది. నువ్వు బోర్లా పడుకుని, తల బొక్క మీదకు వంచి, రాలిన చీనీ పిందెలు ఒక్కొక్కటే లోపలికి వదులుతూ చెవి పెట్టి వింటున్నావు. పిలవడానికి నోరు రాలేదు. పిలిస్తే ఉలిక్కిపడి కదులుతావేమోనని చెప్పులు విడిచి, పిల్లిలాగా నడుచుకుంటూ వచ్చి నీ కాలు పట్టుకున్నాను. పట్టుకుని లాగేశాను. నీ మోకాళ్ళు గీసుకుపోయాయి. నువ్వు ఏడవలేదు. "పెద్దమ్మా, చప్పుడు రాలేదు" అన్నావు.

నిన్ను వీపు మీద రెండు వేసి, తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మీ అమ్మ వచ్చి మోకాళ్ళేమయ్యాయని అడిగితే, ముళ్ళకంపలో పడ్డాడని చెప్పాను.

2006లో హర్యానాలో ఒక అయిదేళ్ళ పిల్లాడు 60 అడుగుల బొక్కలో పడి రెండు రోజులు లోపలే ఉన్నాడు. పక్కనే ఇంకో గుంత తవ్వి సైన్యం బయటికి తీసింది. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. నేను మాత్రం టీవీ ఆపేసి వాకిట్లో కూర్చున్నాను. ఆ పిల్లాడు బతికాడు. ఆ తర్వాత మన తెలుగు ఊళ్ళలోనే పడ్డ పసివాళ్ళు ఎంతోమంది బతకలేదు. ఇప్పుడు నీ కూతురికి రెండేళ్ళు, ఎక్కడ బొక్క కనిపిస్తే అక్కడ వేలు పెట్టే వయసు. ఆ బండ సంగతి విన్నాక నాకు నిద్ర ఎలా పడుతుంది చెప్పు?

పూడ్చడం కూడా పద్ధతిగా చెయ్యాలి. మొదటిసారి మేము పెద్ద రాళ్ళు దొర్లించాం. అవి మధ్యలో ఇరుక్కుని పైన నిండినట్టు కనబడింది. తొలివానకే మనిషి లోతు కుంగిపోయింది. చిన్న కంకర, ఇసుక, బోరు పొడి కొద్దికొద్దిగా వదలాలి, మధ్య మధ్య నీళ్ళు పోయాలి. నేలమట్టానికి వచ్చాక కూడా రెండు వానలు చూసి, దిగినచోట మళ్ళీ నింపాలి. 2010లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, వదిలేసిన బోరును అడుగు నుంచి నేల దాకా నింపి తీరాలని. మేస్త్రీ ఎవరైనా "పాత బోరు ఉంది కదా, సెప్టిక్ నీళ్ళు దాంట్లోకి వదిలేద్దాం" అంటే ఆ మేస్త్రీనే మార్చు. ఆ మురికి నేరుగా రాతి పగుళ్ళలోకి పోతుంది. కొత్త బోరు తాగేది ఆ పగుళ్ళ నీళ్ళే. మీ వీధి వాళ్ళు తాగేదీ అవే.

ఇక కొత్త బోరు. అనుమతి లేకుండా వెయ్యొద్దు, నీళ్ళు, నేల, చెట్ల రక్షణకని 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. 250 మీటర్లలోపు ఊరి తాగునీటి బోరు ఏదైనా ఉంటే ముందే తెలుస్తుంది. పాయింట్ కోసం జియాలజిస్టును పిలిపించి మిషన్‌తో చూపించు. మీ అత్తగారు కొబ్బరికాయ ఆయన్ని కూడా పిలవాలంటే పిలవనీ, వద్దనకు. కానీ సెప్టిక్ ట్యాంకుకు 50 అడుగుల లోపల ఎవరు పాయింట్ పెట్టినా ఒప్పుకోకు.

ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో రిగ్గు రాకముందే నువ్వూ కోడలూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. కాగితం ఆమె దగ్గర ఉంచు. అర్ధరాత్రి బండి పక్కన నిలబడ్డ మనిషికి లెక్క తెలియదు. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందని కూడా ముందే అడిగి తెలుసుకో.

కేసింగ్ దగ్గర పిసినారితనం వద్దు. మట్టి, మొరం, మెత్తరాయి అన్నీ దాటి గట్టిరాతిలో పైపు కూర్చోవాలి. పది అడుగులు మిగిల్చారంటే ఆ సందులోంచి మట్టి జారి, మోటారు ఒకరోజు లోపలే పట్టేసుకుంటుంది. పైన ఒక అడుగైనా పైపు నిలబడాలి. చుట్టూ సిమెంటు గట్టు కట్టించు, అడుగు పైకి, అడుగు లోపలికి. బండి గేటు దాటకముందే పైపుకు ఇనుప మూత వెల్డింగ్ చేయించి, తర్వాతే చివరి డబ్బు ఇవ్వు. ఈ వరుస మార్చకు. రిగ్గు కోసం తవ్విన బురద గుంత కూడా ఆరోజే పూడ్పించు.

నీళ్ళు పడ్డాక తేటగా వచ్చేదాకా ఫ్లషింగ్ చెయ్యమను, అంటే గాలి కొట్టి లోపలి బురదంతా బయటికి తోయమను, తొందరపడి పోతారు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండిందో చూడు. ఆ లెక్కకు తగ్గ మోటారే కొను, షాపువాడు పెద్దది అంటగడతాడు. మోటారును అడుగున కూర్చోబెట్టకు, 15, 20 అడుగులు పైకి వేలాడనీ. నీళ్ళు లేకపోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు స్టార్టర్‌లో పెట్టించు. కేసింగ్ ఎంత, నీళ్ళు ఏ లోతులో పడ్డాయి, మోటారు ఎంతలో ఉంది, ఇవన్నీ ఇంటి కాగితాలతో పాటు రాసి పెట్టు. రేపు మెకానిక్ మొదట అడిగేది అవే.

నీళ్ళు తియ్యగా ఉన్నాయని పాపకు పట్టెయ్యకు. ఫ్లోరైడ్‌కు రుచీ వాసనా ఉండదు. మన జిల్లా రాతిలోనే అది ఉంది. ల్యాబ్‌లో ఇచ్చి చూపించు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉంటే మంచిది, 1.5 దాటితే తాగొద్దు. కాచినా పోదు. నైట్రేట్ కూడా చూడమను, పసిపిల్లలున్న ఇల్లు కదా. మోటారు ఎప్పుడు బయటికి తీసి వేసినా బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు పోసి, వాసన పోయేదాకా తోడి, ఆ తర్వాతే వాడండి.

మిద్దె మీద వాన నీళ్ళు వీధిలోకి వదలకు. మన అనంతపురంలో ఏడాదికి పడేదే దాదాపు 550 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అంత వాన పడితే 50 వేల లీటర్లు. కొంత పోయినా, మిగిలినదాన్ని కంకర, ఇసుక నింపిన గుంతలోంచి నేలలోకి దించు. పైపును నేరుగా బోరులో పెట్టకు, మిద్దె మీది దుమ్మూ పిట్టరెట్టా అంతా లోపలికే పోతుంది. మన తోటలో ఆ పని చేసుంటే మొదటి బోరే నిలబడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇవన్నీ నువ్వు నన్ను ముందే అడగాల్సింది. బోర్ల కింద ముప్పై ఏళ్ళు సేద్యం చేసిన పెద్దమ్మను పెట్టుకుని ఎవరినెవరినో అడిగావట, మీ అమ్మ చెప్పింది. కోపం లేదు, ఆఫీసు పనితో నీకు తీరలేదని తెలుసు. ఒంటి సంగతి చూసుకో, వేళకు తిను.

బండి ఏరోజు వస్తుందో చెప్పు, ముందురోజు బస్సుకే వచ్చేస్తా. చింతపిక్కలు నేనే తెస్తా. ఆ రాత్రి పాపను మీ అత్తగారింట్లో ఉంచండి.

ఈలోగా పాత బోరు పూడ్చాక ఫోటో తీసి నాకు పెట్టు. బండ కప్పిన ఫోటో వద్దు నాన్నా, నేలకు సమంగా నింపిన ఫోటో పెట్టు.

మీ పెద్దమ్మ