అద్దాల క్యాబినెట్ ఎండాకాలాన్ని తట్టుకుంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి వీడియో ఎడిటింగ్‌కు కొత్త పీసీ కట్టించుకుంటున్నాడు. ముందూ పక్కా అద్దమే ఉండే క్యాబినెట్ కావాలంటున్నాడు. గదిలో ఏసీ లేదు, ఎండాకాలం 38 డిగ్రీలు దాటుతుంది. దుమ్మూ ఎక్కువే. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: కొనవచ్చు, కాకపోతే కింద ఫ్యాన్లు పెట్టి తీరాలి. మీ గదికైతే ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్టే మేలు.

2018లో లియాన్ లీ కంపెనీ ఓ11 డైనమిక్ క్యాబినెట్ వచ్చాక ఈ అద్దాల తరహా బాగా పాకింది. ముందు అద్దం ఉంటే అటు నుంచి గాలి రాదు. కింద మూడు 120 ఎంఎం ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి, పైన ఒకటి బయటికి నెట్టేలా బిగించండి. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు కిందికే చూస్తుంటాయి కాబట్టి చల్లగాలి నేరుగా దానికే అందుతుంది. బయటికి పోయేదానికన్నా లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే, సందుల్లోంచి దుమ్ము చొరబడదు. కింది ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి దులపండి. అది మూసుకుపోతే ఇంత అమరికా వృథా.

ఎక్కువమంది తప్పు చేసేది ఫ్యాన్ దిశ దగ్గరే. మామూలు ఫ్యాన్‌లో మోటారును పట్టి ఉంచే కడ్డీల వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. రెక్కలు తిరగేసి ఉండే రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లలో ఇది తిరగబడుతుంది. బిగించేముందు కాగితం ముక్క పెట్టి చూసుకోండి.

ఫ్యాన్ అయినా లిక్విడ్ కూలర్ అయినా గది వేడికన్నా కిందికి దించలేవు. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర ఉండే ప్రాసెసర్, అదే పనికి 38 డిగ్రీల గదిలో సుమారు 83కి చేరుతుంది. రైజెన్ 7000 వరుసలో చాలా ప్రాసెసర్లకు పరిమితి 95. అక్కడికి చేరితే వేగం తగ్గించుకుంటాయి.

పీసీ సిద్ధమయ్యాక 20 నిమిషాలు వీడియో రెండర్ నడిపి వేడి రాసుకోండి. పక్క అద్దం తీసి మళ్లీ నడపండి. 5 డిగ్రీలకు మించి తగ్గిందంటే లోపలికి గాలి చాలడం లేదన్నమాట.

ప్రశ్న: వైర్లు కనిపించని మదర్‌బోర్డులు వస్తున్నాయట. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆసుస్ బీటీఎఫ్, ఎంఎస్ఐ ప్రాజెక్ట్ జీరో అలాంటివే. 24 పిన్ల పవర్, ఫ్యాన్, సాటా (హార్డ్‌డిస్క్ తగిలించేవి) కనెక్టర్లు బోర్డు వెనక ఉంటాయి. పాత క్యాబినెట్‌లో ఇవి బోర్డు బిగించే రేకుకు తగిలి, బోర్డు కూర్చోదు. సరైన చోట్ల రంధ్రాలున్న క్యాబినెట్ కావాలి. కంపెనీకీ కంపెనీకీ రంధ్రాల చోటు మారవచ్చు, క్యాబినెట్ పేజీలో మీ బోర్డు మోడల్ ఉందో లేదో చూడండి. శుభ్రంగా కనిపిస్తుందే తప్ప వేడి పెద్దగా తగ్గదు. ఇప్పుడు మామూలు బోర్డే తీసుకుని, రెండు రకాల బోర్డులకూ పనికొచ్చే క్యాబినెట్ కొనుక్కోండి.