ఐసీయూలో సెలైన్ ఎక్కుతుంటే ముక్కు పైపులో తిండి ఎందుకు పోస్తారు?

పోయాలి. మా ఇంట్లో జరిగింది చెప్తా.

పత్తి ఏరేటప్పుడు మా బాపు కాలికి ముల్లు దిగింది. షుగర్ మనిషి. ఊళ్లో ఆర్‌ఎంపీ అయిదు రోజులు రెండు రకాల యాంటీబయాటిక్ గోలీలు మింగించి, పూటకో సీసా ఎక్కించాడు. పరకాల మీదుగా హన్మకొండకు తెచ్చేసరికి పై బీపీ 60. సెప్సిస్ అన్నారు, అంటే ఇన్ఫెక్షన్‌తో ఒళ్లు అదుపు తప్పి అవయవాలు దెబ్బతినడం. పుండు కాలికైతే ఆయాసం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మూడో రోజు అవ్వ స్టీలు గిన్నెలో తైదంబలి, అదే రాగి జావ, తెచ్చింది. సిస్టర్ గుమ్మం దాటనియ్యలేదు. సెలైన్ ఎక్కుతుందిగదనే అంటే, "నీళ్లతోని మనిషి బతుకుతడారా?" అని అవ్వ నా మీదికే లేచింది. తప్పేముంది? లీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో చక్కెర 50 గ్రాములే, 170 కేలరీలు. ఉప్పు సెలైన్‌లో అవీ ఉండవు. మనోళ్లు మాత్రం సీసా వేలాడితే చాలు, దండం పెడతారు.

డ్యూటీ డాక్టరు చెప్పిందేంటంటే, బీపీ పడితే ఒళ్లు రక్తాన్ని గుండెకు, మెదడుకు మళ్లిస్తుంది. ఎస్సారెస్పీ కాలువలో నీళ్లు తగ్గితే చివరి పొలాలు ఎండినట్టు పేగులు ఎండుతాయి. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తగా పుట్టేది. రక్తం, తిండి రెండూ అందకపోతే దాని అతుకులు వదులవుతాయి. లోపలి విషం లింఫ్ (రక్తంలో కలిసే ఒంటి నీరు) దారిన ముందు ఊపిరితిత్తులకే చేరుతుందని ఒక వాదన. పేగే అవయవాలన్నిటినీ చెడగొట్టే ఇంజిన్ అని 1986లోనే సర్జన్లు రాశారట. పైగా ఆ గోలీలు పేగులోని మంచి క్రిములనూ ఊడ్చేస్తాయి. ఆర్‌ఎంపీ మీద నా కోపం అందుకే.

అయితే బీపీ ఇంకా పడిపోతుంటే మాత్రం తిండి కోసం పట్టుపట్టొద్దు, పేగు ఇంకా చితికిపోతుంది. బాపుకు బీపీ మందు తగ్గించాకే, నాలుగో రోజు, కడుపులో ఎంత నిలిచిందో చూడటానికి సిస్టర్ పైపుకు సిరంజి పెట్టి లాగింది. పచ్చటి నీళ్లు కొంచెమే వచ్చాయి. గంటకు 20 మిల్లీలీటర్ల ఫీడ్ మొదలుపెట్టింది. తెల్లారి "గ్యాస్ పోయింది" అని ఆమె చెప్తే, అంటే పేగు కదిలిందని, కుర్చీ కూడా లేని ఆ వరండాలో మేం పండగ చేసుకున్నాం.

పుండు కోసి శుభ్రం చేయడం వల్లే బతికాడంటాడు డాక్టరు. నా లెక్కలో ఆ ఫీడే. అవ్వ తైదంబలి పదకొండో రోజు లోపలికి పోయింది. రెండు చెంచాలు తాగి, "ఉప్పెయ్యలే" అన్నాడు బాపు.