రోజుకు 250 మెసేజ్‌లు... బొటనవేలు సహకరించడం లేదు!

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రొద్దుటూరు. వయసు 41. మాధవరం చీరలు తెప్పించి, ఇంట్లోనే ఉండి వాట్సాప్‌లో అమ్ముతుంటాను. రేటెంత, వేరే రంగుందా, పార్సిల్ ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్లందరికీ బదులివ్వాలి. రోజుకు 250కి తక్కువ కాకుండా మెసేజ్‌లు పెడతాను, అన్నీ కుడిచేతి బొటనవేలితోనే. రెండు నెలలుగా ఆ వేలి మొదట్లో, మణికట్టు పక్కన ఒకటే నొప్పి. చెంబు ఎత్తినా, తాళం తిప్పినా ప్రాణం పోతోంది. మెడికల్ షాపులో మణికట్టు పట్టీ కొని వేసుకున్నా తగ్గలేదు. నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఇది ఫోన్ రేడియేషన్ వల్లా? రోజుకు ఎన్ని మెసేజ్‌ల వరకు ఫరవాలేదు? – ఒక పాఠకురాలు

జవాబు: రేడియేషన్‌కూ దీనికీ సంబంధం లేదు. మీరు చెప్పిన చోటును, చెంబు ఎత్తితే నొప్పి రావడాన్ని బట్టి చూస్తే ఇది ‘డి కెర్వాన్’ సమస్యలా ఉంది. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ దీన్ని 1895లో వివరించారు. మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లింది 1992లో. అంటే ఫోన్ పుట్టించిన జబ్బు కాదిది. బట్టలు పిండేవాళ్లకూ పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకూ ఎప్పటినుంచో వస్తున్నదే.

బొటనవేలిని పక్కకు, పైకి లేపే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒక సన్నటి గొట్టంలోంచి వెళ్తాయి. వేలు మాటిమాటికీ కదిలితే ఆ గొట్టం గోడ మందమై, లోపల దారి ఇరుకవుతుంది. ఆ తర్వాత వేలు కదిలిన ప్రతిసారీ రాపిడే. షుగర్ ఉన్నవాళ్లలో స్నాయువుల కణజాలం బిరుసెక్కుతుంది కాబట్టి ఇలాంటివి ఎక్కువగా వస్తాయి, నెమ్మదిగా తగ్గుతాయి. గత మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) చేయించుకోకపోతే ఇప్పుడు చేయించుకోండి. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది.

ఇంట్లోనే చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లతో మెల్లగా మూయండి. ఆ పిడికిలిని చిటికెన వేలి వైపు నిదానంగా వంచండి. బొటనవేలి వైపు మణికట్టు ఎముక మీద చురుక్కుమంటే అనుమానం బలపడినట్టే. అందరికీ అక్కడ కాస్త లాగినట్టు ఉంటుంది, అందుకే ఎడమచేతితో పోల్చుకోండి. ఒక్కసారి చేస్తే చాలు. రోజూ చేసి చూసుకుంటే అదే పుండు మీద కారం.

మీ పట్టీ ఎందుకు పనిచేయలేదో చెబుతాను. షాపులో మామూలుగా ఇచ్చేది మణికట్టును మాత్రమే పట్టి ఉంచుతుంది, బొటనవేలు యథేచ్ఛగా తిరుగుతూనే ఉంటుంది. మీకు కావాల్సింది ‘థంబ్ స్పైకా స్ప్లింట్’. అది మణికట్టుతో పాటు బొటనవేలి మొదటి రెండు కీళ్లనూ కదలకుండా ఆపుతుంది, గోరు దగ్గరి కీలు మాత్రం వదిలేస్తుంది. కుడిచేతిదే అడిగి తీసుకోండి. మొదటి మూడు వారాలు స్నానానికి తప్ప రాత్రీ పగలూ ఉంచుకోవాలి. తర్వాతి మూడు వారాలు పని వేళల్లో, నిద్రలో చాలు. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా బిగువు తగ్గించండి. ఒక్క మాట: రెండు రోజులు వేసుకుని ‘తగ్గలేదు’ అని తీసేయకండి.

గుడ్డలో చుట్టిన ఐస్ రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున పెట్టండి. షుగర్ వల్ల చేతి స్పర్శ తగ్గి ఉంటే ఐస్ వద్దు, చర్మం కమిలినా తెలియదు. డైక్లోఫెనాక్ జెల్ పలుచగా పూయండి, రుద్దకండి. నొప్పి మాత్రలు మాత్రం షాపులో అడిగి వేసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి ముప్పు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) చూశాకే నిర్ణయించాలి. ‘నరం పట్టేసింది’ అని తైలం పెట్టి వేలు లాగించుకోవడం అసలే వద్దు. ఇరుకు గొట్టంలో ఉన్న స్నాయువును లాగితే వాపు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఇక ఎన్ని మెసేజ్‌లు అన్న ప్రశ్న. వైద్యంలో అలాంటి అంకె లేదు, ఎవరైనా చెప్పినా నమ్మకండి. స్నాయువుకు తెలిసేది మెసేజ్‌లు కాదు, వేలి కదలికలు. మెసేజ్‌కు 40 నొక్కులు అనుకున్నా, మీ 250కి రోజుకు పదివేల నొక్కులు. అక్షరం అక్షరం కొట్టే తెలుగు కీబోర్డులో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు నొక్కులు పడతాయి. పైగా ఒంటిచేత్తో పట్టుకుంటే నాలుగు వేళ్లు ఫోన్‌ను మోస్తుంటాయి, బొటనవేలొక్కటే తెర ఆ మూల నుంచి ఈ మూలకు చాచుకుని పనంతా చేస్తుంది. అందుకే తగ్గించాల్సింది వ్యాపారం కాదు, నొక్కులు.

మీ పనికి బాగా సరిపోయేది వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని ‘క్విక్ రిప్లైస్’. యాప్‌లోని బిజినెస్ టూల్స్‌లోకి వెళ్లి, రోజూ రాసే జవాబులు (పార్సిల్ గడువు, డబ్బు పంపే పద్ధతి, మార్పిడి నిబంధన) ఒక్కసారి రాసి పెట్టుకోండి. గీత గుర్తు ‘/’ కొట్టి పొట్టి పేరు ఎంచుకుంటే మొత్తం జవాబు వచ్చేస్తుంది. 50 వరకు దాచుకోవచ్చు. చీరల ఫొటోలు, ధరలు కేటలాగ్‌లో పెడితే ‘రేటెంత’ అనే ప్రశ్నలు సగం రావు. ఇంట్లో పిల్లల కంప్యూటర్ ఉంటే వాట్సాప్‌ను దానికి జోడించి కీబోర్డు మీద కొట్టండి, భారం పది వేళ్లకూ పంచుతుంది. లేకపోతే ఫోన్‌ను బల్ల మీద స్టాండులో నిలబెట్టి చూపుడువేలితో కొట్టండి. కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి, అయితే ధరల అంకెలు ఒకసారి సరిచూసుకోవాలి. వాయిస్ మెసేజ్ పంపేటప్పుడు మైకును అదిమి పట్టుకుని ఉండకండి, పైకి జరిపితే లాక్ అవుతుంది, వేలు తీసేయొచ్చు.

ఫోన్‌నొక్కదాన్నే దోషిని చేయడమూ సరికాదు. రాగిసంగటి కెలికేటప్పుడు కట్టెను బొటనవేలితో బిగించి, మణికట్టును చిటికెన వేలి వైపు తిప్పుతాం. ఈ జబ్బుకు అంతకంటే చెడ్డ కదలిక లేదు. ఆరు వారాలు ఆ పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించండి. తడి బట్టలు పిండడం, పార్సిళ్లకు టేపు లాగి తెంపడం కూడా అంతే. చెంబును అంచు పట్టుకుని కాకుండా కింద అరచెయ్యి పెట్టి రెండు చేతులతో ఎత్తండి.

ఇవన్నీ చేసినా ఆరు వారాలకు తగ్గకపోతే, లేదా ఇప్పటికే నిద్ర పట్టనంత నొప్పి ఉంటే, మీ ఊరి జిల్లా ఆసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో ఎముకల ఓపీలో చూపించుకోండి. అప్పుడు సాధారణంగా గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. షుగర్ సంగతి ముందే చెప్పండి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా, షుగర్ పెరుగుతుంది. రోజూ పరగడుపున, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. ఆ చోట చర్మం కాస్త తెల్లబడొచ్చు. కొందరిలో ఆ గొట్టం మధ్యలో ఒక అడ్డుగోడ ఉండి, మందు ఒక అరలోకే చేరి రెండో స్నాయువు నొప్పి మిగిలిపోతుంది. అలాంటప్పుడు అల్ట్రాసౌండ్ చూస్తూ ఇస్తే ప్రయోజనం. రెండు ఇంజెక్షన్లకూ తగ్గకపోతే చిన్న ఆపరేషన్, ఆ చోటికే మత్తు ఇచ్చి గొట్టం పైకప్పు తెరుస్తారు, మామూలుగా అదేరోజు ఇంటికి పంపేస్తారు.

ఒకవేళ రాత్రిళ్లు బొటన, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది మణికట్టు నరం ఒత్తిడి. పొద్దున వేలు మడిస్తే ఇరుక్కుని టక్కుమని తెరుచుకుంటే ట్రిగ్గర్ ఫింగర్. రెండింటి వైద్యమూ వేరు, షుగర్ ఉన్నవాళ్లలో రెండూ తరచుగా కనిపిస్తాయి. వాచిన చోట ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరం వస్తే మాత్రం ఈ చిట్కాలన్నీ పక్కనపెట్టి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి తగ్గి మళ్లీ ఫోన్ పట్టేటప్పుడు ఒకేసారి పాత లెక్కకు వెళ్లకండి. పది నిమిషాలు కొట్టి, అయిదు నిమిషాలు చేతికి విరామం. ఎంత వరకు చేయొచ్చో మర్నాటి ఉదయం మీ చెయ్యే చెబుతుంది. లేవగానే చెంబు ఎత్తినప్పుడు నొప్పి లేకపోతే నిన్నటి లెక్క సరిపోయింది. ఉంటే ఆ రోజు నొక్కులు సగానికి దించి, రాత్రికి స్ప్లింట్ తొడుక్కోండి.