లాడ్ బజార్‌లో అసలైన లక్క గాజును ఎలా గుర్తుపట్టాలి?

ముందు రాళ్లు కూర్చిన తీరు చూడండి. లక్క అంటే చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు విడిచే జిగురు. దాన్ని బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. వేడి ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా లోపలికి నొక్కుతారు. అందుకే రాయి గాజులోకి కాస్త దిగి ఉంటుంది. ప్లాస్టిక్ గాజు మీద అయితే గమ్‌తో అంటించినట్టు పైకే కనిపిస్తుంది.

లాడ్ బజార్ చార్మినార్ పక్కనే ఉంటుంది. అక్కడ తొందరపడకుండా, గాజులు చేసే చోట కాసేపు నిలబడి చూడండి. ఆ చేతుల వేగం చూసి తీరాల్సిందే! హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతానికే ప్రత్యేకమైన వస్తువుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది.

కొన్నాక ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకండి, వేడికి మెత్తబడి వంకర పోతాయి.