మామిడి డ్రింకు సీసా మీద 'జ్యూస్' అని వేయొచ్చా?

ఇంట్లో చేసే మామిడి డ్రింకు సీసాల మీద "మ్యాంగో జ్యూస్ - 100% న్యాచురల్" అని వేయించాలనుకుంటున్నాం, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదు కదా అని అడిగారు. ఉంటుందండీ. ప్రింటింగ్ ప్రెస్సుకి అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇప్పుడే ఆగండి. మేం 5,000 లేబుళ్ళు వేయించాక తెలుసుకున్నాం, అందుకే ఇంత పొడుగు జవాబు.

మాది చిత్తూరు వైపు. 2022 వేసవిలో నేనూ మా బావమరిదీ కలిసి 200 మి.లీ. సీసాల్లో మామిడి డ్రింకు మొదలుపెట్టాం. కాయలు కొని గుజ్జు తీసే యంత్రాలు మాకెక్కడివి? ఫ్యాక్టరీలో సీలు వేసిన తోతాపురి గుజ్జు డబ్బాలు తెచ్చుకునేవాళ్ళం. ఒక్కో డబ్బా 3.1 కిలోలు. వంద కిలోల బ్యాచ్‌కి మూడున్నర డబ్బాలు, పదకొండున్నర కిలోల చక్కెర, కాస్త సిట్రిక్ యాసిడ్, మిగతాదంతా నీళ్ళు. రుచి బాగానే ఉండేది, అమ్ముడుపోయేది కూడా. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో "మామిడి రసం" అని, పక్కన కోసిన పండు బొమ్మ. తెలుగు మీద అభిమానంతో మొత్తం తెలుగులోనే వేయించాం.

ఒకరోజు ఒక కిరాణా కొట్లో ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు మా సీసాలు శాంపిల్ తీశారు. నన్ను పిలిపించి, సీసా తిప్పి, పదార్థాల వరస మీద వేలు పెట్టి, "బ్యాచ్‌కి నీళ్ళెన్ని పోస్తారు?" అని అడిగారు. 78 లీటర్ల దాకా అన్నాను. "మరి ఇక్కడ చివర్న రాశారేం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "మామిడి గుజ్జు, చక్కెర, నీళ్ళు" అని రాసింది నేనే. బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రావాలని నాకు తెలియక కాదు. మామిడి డ్రింకు మీద మొదటి పేరు "నీళ్ళు" అని వేయడానికి మనసొప్పలేదు, అంతే.

ల్యాబ్ రిపోర్టులో సరుకు బాగానే ఉందని వచ్చింది, కానీ లేబుల్ తప్పు. దీన్ని మిస్‌బ్రాండెడ్ అంటారు. ఆహార భద్రతా చట్టం 52వ సెక్షన్ కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఫైలు జాయింట్ కలెక్టర్ దగ్గరికి వెళ్ళింది. మాకెంత పడిందో ఇక్కడ రాయను గానీ ఆ సీజన్ లాభం దానికే సరిపోయింది.

ఇంతకీ అసలు సంగతి. ఏ పేరు పెట్టాలో మన ఇష్టం కాదు, లోపల పండు ఎంతుందో దాన్నిబట్టి పేరు. పండు నుంచి వచ్చిన రసమే జ్యూస్. గాఢంగా చేసిన రసానికి తీసేసినంత నీరు మళ్ళీ కలిపినా జ్యూసే, కానీ ఆ సంగతి పదార్థాల్లో చెప్పాలి. కిలోకి 15 గ్రాములకి మించి చక్కెర కలిపితే "స్వీటెన్డ్ జ్యూస్" అనాలి. మామిడి నెక్టార్ అనాలంటే పండు కనీసం 20 శాతం, బ్రిక్స్ (రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరంతో చూసే తీపి కొలత, అంటే కరిగిన చక్కెర వగైరా ఎంత శాతమో) 15 ఉండాలి. మీరూ మేమూ చేసేది దాని కింది మెట్టు: ఫ్రూట్ డ్రింక్, లేదా రెడీ టు సర్వ్ బేవరేజ్. దీనికి పండు 10 శాతం (నిమ్మకైతే 5), బ్రిక్స్ 10 తగ్గకూడదు. ఆ 10 శాతం కూడా లేకపోతే పండు పానీయమని చెప్పుకోకూడదు, ఫ్లేవర్ కలిపామనే చెప్పాలి. నీళ్ళు కలుపుకుని తాగే స్క్వాష్‌కి 25 శాతం.

మా మూడున్నర డబ్బాలు లెక్కేస్తే 10.85 కిలోలు. అంటే గీతకి కాస్త పైన. ఒక బ్యాచ్‌లో చేయి కాస్త జారినా కిందికి పోతాం. పైగా చక్కెర అంతకంటే ఎక్కువ, కాబట్టి నిజాయితీగా రాస్తే నీళ్ళు, చక్కెర, ఆ తర్వాత మామిడి. ఇప్పుడు నాలుగు డబ్బాలు పూర్తిగా పోసేస్తున్నాం, 12.4 కిలోలు. చక్కెర 11.2కి తగ్గించాం, బ్రిక్స్ ఎప్పటిలా 13 దగ్గరే ఉంటుంది. చక్కెర కంటే గుజ్జు ముందుకొచ్చింది, సగం డబ్బా మిగిలి పాడైపోయే గొడవా పోయింది. ఖర్చు కాస్త పెరిగింది, నిజమే.

గ్యాస్ పట్టించే ఆలోచన ఉంటే మాత్రం ముందు మీ ఆడిటర్‌ని అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి మామూలు పండ్ల డ్రింకుకి జీఎస్టీ 5 శాతం, అదే పండ్ల డ్రింకులో గ్యాస్ ఉంటే 40.

ఇక మీ "100%" మాట. 2024 జూన్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, నీళ్ళు కలిపి తిరిగి తయారుచేసిన జ్యూసుల మీద "100% ఫ్రూట్ జ్యూస్" అన్న మాట తీసేయమని ఆదేశించింది. దాని మీద పెద్ద కంపెనీ ఒకటి ఢిల్లీ హైకోర్టుకి కూడా వెళ్ళింది. మనది అసలు జ్యూసే కాదు, ఇక వంద శాతం ఎక్కడిది? "న్యాచురల్" కూడా వద్దు, చక్కెరా యాసిడూ కలిపిన డ్రింకుకి ఆ మాట కుదరదు. "ఓఆర్ఎస్" (విరేచనాలైనప్పుడు తాగించే ఉప్పు, చక్కెర ద్రావణం) లాంటి పేర్ల జోలికైతే అసలు పోకండి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో డ్రింకుల పేర్లలో ఆ మాట వాడటాన్ని ఆపేశారు. విరేచనాలతో ఉన్న పిల్లాడికి చక్కెర నీళ్ళు మందు పేరుతో అమ్మడం నాకైతే మా లేబుల్ తప్పు కంటే వందరెట్లు పెద్దదిగా అనిపిస్తుంది.

భాష సంగతి మర్చిపోయాను. వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండి తీరాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. తెలుగు ఊళ్ళో అమ్మే సీసాకి ఇదేం రూలని ఇప్పటికీ గొణుక్కుంటాను, వేయడం మాత్రం వేస్తాను.

మీ డిజైన్ అచ్చుకి పంపే ముందు ఇక్కడ ఫొటో పెట్టండి. దానితోపాటు మీ బ్యాచ్‌లో గుజ్జెంత, చక్కెరెంత, నీళ్ళెన్నో కిలోల్లో రాయండి. అవి తెలియకుండా మీ డ్రింకుకి ఏ పేరు చెల్లుతుందో ఎవరూ చెప్పలేరు.